గుమాస్తా కబుర్లు: ఊరికే నిలబడటం

ఈ నెల మన పేట పాత వీధుల పేర్లను గురించి రాస్తానని మాట ఇచ్చి వున్నాను. చదువరులు మన్నించాలి, అది వచ్చే నెలకు వాయిదా. ఎందుకంటే పోయిన నెలలో మా ఇంట్లో రెండు పడిపోవడాలు జరిగినవి.

మొదట పడ్డది మా అమ్మ. తెల్లవారుజామున స్నానాలగదికి పోతూ గడప దగ్గర తూలి పక్కకు ఒరిగింది. భగవంతుడు చల్లగా చూశాడు, ఎముక విరగలేదు. మోచెయ్యి మాత్రం కమిలిపోయి పది రోజులు నీలంగా వున్నది. రెండవది, మా పెద్దవాడు పాలిటెక్నిక్కు పరీక్షకోసం తయారుచేస్తున్న రెండు చక్రాల బండి. నిలువు చెక్క, దాని అడుగున పక్కపక్కన రెండు చక్రాలు, నడుమ బ్యాటరీ. అంతే సరంజామా. ముందుకో వెనక్కో పడిపోకుండా అది తనంతట తాను నిలబడాలి. అది ఒకసారి కాదు, నేను లెక్క పెట్టినంతవరకే నలభై సార్లు పడ్డది.

అమ్మను చూసిన డాక్టరమ్మ చెయ్యి చూడటం అయిన తరువాత, "పాదాలు దగ్గరగా పెట్టి నిలబడండమ్మా" అన్నది. నిలబడ్డది. "ఇప్పుడు కళ్ళు మూసుకోండి" అన్నది. కళ్ళు మూసేసరికి అమ్మ గాలికి అరటిచెట్టు వూగినట్టు వూగింది. నేను పట్టుకున్నాను. డాక్టరమ్మ చెప్పిన సంగతి ఇది: మనిషి నిలబడాలంటే మూడు చోట్లనుంచి వర్తమానం అందుతూ వుండాలి. కళ్ళు ఒకటి, లోపలి చెవి ఒకటి, పాదాలూ కీళ్ళూ కండరాలూ ఒకటి. అమ్మకు చాలా ఏళ్ళుగా చక్కెర జబ్బు. అరికాళ్ళలో స్పర్శ తగ్గింది. ఆ లోటును ఇన్నాళ్ళూ కళ్ళు పూడుస్తూ వచ్చినవి. ఆనాడు చీకట్లో కళ్ళూ సాయానికి రాలేదు.

ఇంటికి వచ్చి అమ్మ మంచంమీద కూర్చున్నది. ఎదురుగా మనవడి బండి మళ్ళీ పడ్డది. అమ్మ నవ్వి, "ఏమిరా, నీ బండికీ నాకూ ఒకటే రోగం మాదిరి ఉండాదే" అన్నది.

తమాషాకు అన్నమాటే గాని, వాడు నవ్వలేదు. "నిజమే అవ్వా, ఒకటే" అన్నాడు. ఆ రాత్రి వాడు చెప్పినదీ, తరువాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను. నా చదువు ఎస్సెల్సీతో ఆగింది, కాబట్టి గణితం జోలికి పోను. లెక్కల పుస్తకాలు రాయటం నా వృత్తి. ఆ భాషలో చెప్పగలిగినంత చెబుతాను.

ముందు ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. బట్టల అంగడిలో వుండే మీటరుకోల వంటి కర్రను అరచేతిలో నిలబెట్టండి. కాస్త అలవాటైతే పిల్లలు కూడా నిలబెడతారు. తరువాత పెన్సిలును నిలబెట్టండి. ఎంత నేర్పరి అయినా నిలబెట్టలేడు. పొడుగుది కష్టం, పొట్టిది సులభం అనుకుంటాము గదా, జరిగేది తలకిందులు. కారణం కాలం. కర్ర కొంచెం వాలితే ఆ వాలు తనను తాను పెంచుకుంటుంది, చక్రవడ్డీ అప్పులాగ. కన్ను చూసి చెయ్యి కదిలేలోగా సుమారు సెకనులో ఐదో వంతు పోతుంది. ఆ వ్యవధిలో మీటరు కర్ర వాలు సుమారు రెండింతలు అవుతుంది, అందుకోవచ్చు. పదిహేను సెంటీమీటర్ల పెన్సిలు వాలు అదే వ్యవధిలో ఏడింతలు దాటుతుంది. అప్పు తీర్చే స్తోమతు వున్నా తీర్చే వేళ దాటిపోయిందన్నమాట.

నిలబడిన మనిషీ ఇటువంటి కర్రే. బరువంతా పైన, ఆధారం అడుగున చీలమండ దగ్గర. మనం స్తంభంలాగ నిలబడ్డామనుకుంటాము గాని, లోపల ఒక్క క్షణమూ తీరిక లేని పని జరుగుతూ వుంటుంది. కాస్త వాలటం, కండరం బిగించటం, అటు ఎక్కువై మళ్ళీ ఇటు రావటం. బస్సుకోసం ఊరికే నిలబడ్డానంటాము, నిజానికి ఎవరూ ఊరికే నిలబడరు.

చేసిన పని ఫలితాన్ని చూసుకొని, దాన్ని బట్టి తరువాతి పనిని దిద్దుకోవటాన్ని ఇంజనీర్లు ఫీడ్‌బ్యాక్ అంటారు. ఇది యంత్రాలకు వచ్చి రెండు వందల ఏళ్ళు దాటింది. 1788లో జేమ్స్ వాట్ ఆవిరియంత్రానికి రెండు ఇనుప గుండ్లు తగిలించాడు. యంత్రం వేగం పెరిగితే తిరిగే గుండ్లు వెలుపలికి లేస్తవి, ఆ లేవటం ఒక కమ్మీని లాగి ఆవిరి దారిని మూస్తుంది. వేగం తగ్గితే గుండ్లు దిగుతవి, దారి తెరుచుకుంటుంది. గాలిమరలలో ఇటువంటి ఏర్పాటు అంతకుముందే వుండేది, వాట్ దాన్ని ఆవిరికి తెచ్చాడు. దీని పేరు గవర్నరు. డీజిలు ఇంజన్లు బాగుచేసేవాళ్ళు ఇప్పటికీ ఆ మాటే వాడుతారు.

ఈ గవర్నరుకు ఒక జబ్బు వుండేది. కొన్ని యంత్రాలలో అది నెమ్మదించకుండా ఒకసారి అతివేగం, ఒకసారి అతిమందం అయి వూగిసలాడేది. దిద్దుబాటే రోగమయ్యేది. ఎందుకిట్లా అని 1868లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ గణితంతో పరీక్షించి, ఏ పరిస్థితిలో వూగు చల్లారుతుంది, ఏ పరిస్థితిలో పెరిగిపోతుంది అనేదానికి సూత్రాలు కట్టాడు. కాంతీ విద్యుత్తూ అయస్కాంతమూ ఒకే గోత్రం అని తేల్చిన మహానుభావుడు ఈయనే. అంతటివాడు ఇంజను గుండ్లను గురించి వ్యాసం రాయటం నాకు ఎందుకో చాలా సంతోషం కలిగించింది.

మా వాడి బండికి మొదట వచ్చిన జబ్బు సరిగా ఇదే. వాలును కొలవటానికి దానిలో గోరంత జైరో చిప్పు వున్నది. వాలిన వైపుకే చక్రాలు పరుగెత్తి, పడబోయే తల కిందికి చేరాలి. మోటారును నెమ్మదిగా తిప్పితే అందుకోలేక పడ్డది. గట్టిగా తిప్పితే అటు దాటి ఇటు పడ్డది. వాలును ఒక్కటే చూస్తే చాలదు, ఎంత వేగంతో వాలుతున్నదో కూడా చూడాలి. రెండూ చూసినప్పుడు నిలబడ్డది గాని, నిలబడినట్టే నిలబడి మెల్లగా హాలు దాటి వంటింట్లోకి పోయి గ్యాసు సిలిండరును గుద్దింది. బయలుదేరిన చోటు దానికి జ్ఞాపకం లేదు మరి. కాబట్టి ఎంత దూరం జరిగింది, ఎంత వేగంతో జరుగుతున్నది అనేవి కూడా చేరినవి. మొత్తం నాలుగు అంకెలు. ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క గుణకంతో గుణించి కూడితే మోటారుకు ఆజ్ఞ వస్తుంది. సెకనుకు 200 సార్లు ఈ కూడిక జరుగుతుంది.

అయినా ఒక వారమంతా బండి వణికింది. కారణం వింటే మా ఆఫీసు వాళ్ళు నవ్వుకుంటారు. ప్రతి కూడికనూ కంప్యూటరు తెరమీద చూపమని వాడు రాసిపెట్టాడట. ఆ చూపటానికే కాలం పోయి, ఆజ్ఞ ఆలస్యంగా వెళ్ళింది. ఫైలు పై ఆఫీసుకు పోయి సంతకమై తిరిగి వచ్చేసరికి ఇక్కడి సమస్య వేరొకటి అయివుంటుందే, అట్లాగన్నమాట. ఆ ఒక్క వరస కొట్టివేసిన తరువాత వణుకు తగ్గింది.

ఇంకొక వింత చూపించాడు. నిలబడ్డ బండిని ముందుకు నడపాలంటే చక్రాలు ముందు కొంచెం వెనక్కు పోతవి. అప్పుడు తల ముందుకు వాలుతుంది, ఆ తరువాతనే బండి ముందుకు సాగుతుంది. మొదటి అడుగు మాత్రమే చూసేవాడికి అది తప్పుదారి పట్టినట్టే వుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ నాలుగు గుణకాలు ఎంతెంత వుండాలి? వాడు రాత్రిళ్ళు కూర్చుని మార్చి మార్చి చూశాడు. ఒకటి సవరిస్తే ఇంకొకటి చెడుతుంది. చివరకు వాడి పాఠాలలోనే వున్న ఒక పద్ధతి పట్టుకున్నాడు. దాన్ని ఆప్టిమల్ కంట్రోలు అంటారు. నాకు అర్థమైనది గుమాస్తా లెక్కలోనే చెబుతాను.

రెండు ఖాతాలు తెరవాలి. ఒకటి తప్పు ఖాతా: బండి నిట్టనిలువు నుంచి, తన చోటు నుంచి ఎంత తప్పిందో అందులో రాయాలి. రెండవది శ్రమ ఖాతా: మోటారు ఎంత బలం వాడిందో అందులో రాయాలి. రెండింటిలోనూ అంకెను అట్లాగే రాయకుండా వర్గం చేసి రాస్తారు. ఒకటి తప్పితే ఒకటి, రెండు తప్పితే నాలుగు, మూడు తప్పితే తొమ్మిది. చిన్న తప్పును చూసీచూడనట్టు పోయి, పెద్ద తప్పును గట్టిగా శిక్షించటం దీని అర్థం. ఈ క్షణం మొదలు ఇక ముందు ఎన్నటికీ రెండు ఖాతాల మొత్తం ఏ గుణకాలతో అతి తక్కువ అవుతుందో అవే తగిన గుణకాలు. 1960లో రుడాల్ఫ్ కాల్మన్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి దారి చూపాడు. బుడాపెస్టులో పుట్టి అమెరికాలో స్థిరపడ్డవాడు. బండి స్వభావమూ, రెండు ఖాతాల ధరలూ ఇస్తే చాలు, గుణకాలు ఒక సమీకరణం నుంచి వెలువడుతవి, తడుముకోనక్కరలేదు. ఆ సమీకరణం పేరు పద్దెనిమిదో శతాబ్దపు ఇటలీ గణితవేత్త రికాటిది.

రాబోయే కాలమంతా లెక్కలోకి ఎట్లా వస్తుంది అని నేను అడిగాను. చివరనుంచి వెనక్కు లెక్కవేస్తారట. మన ఇళ్ళలో పెళ్ళి పనులకు చేసేది అదే గదా. ముహూర్తం నిశ్చయమైన తరువాత, దానికి ముందురోజు ఏమి కావాలి, దానికి ముందు వారం ఏమి కావాలి అని వెనక్కు వస్తాము. రిచర్డ్ బెల్మన్ అనే అమెరికా గణితవేత్త 1950ల నాటికే దీన్ని ఒక శాస్త్రంగా కట్టాడు. ఇంతవరకు ఏమి జరిగినా సరే, ఇప్పుడున్న చోటునుంచి మిగిలిన దారి మంచిదై వుండాలన్నది ఆయన పట్టు.

అదే కాలంలో రష్యాలో ఈ విద్యను మరొక దారిలో పెంచినవాడు లెవ్ పాంట్ర్యాగిన్. ఆయన కథ మా అమ్మకు చెప్పినప్పుడు చేతిలో చిక్కుడుకాయలు వుంచుకొని వలవటం మరిచిపోయింది. పద్నాలుగో ఏట స్టవ్వు పేలి ఆయనకు చూపు పోయింది. తల్లి కుట్టుపని చేసి ఇల్లు నెట్టుకువచ్చేది. ఆమెకు గణితం రాదు. అయినా కొడుకుకు గణిత పుస్తకాలు పైకి చదివి వినిపించింది. గుర్తుల పేర్లు తెలియక, తోక పైకి వున్నది, తోక కిందికి వున్నది అని వాటి రూపాన్ని చెప్పేదట. ఆయన 1956 ప్రాంతంలో శిష్యులతో కలిసి తేల్చిన సిద్ధాంతం ఈనాటికీ రాకెట్టు దారుల లెక్కలో వాడుకలో వున్నది. "అర్థం కాకపోయినా చదివి పెట్టింది చూడు" అని అమ్మ రెండుసార్లు అన్నది.

తిరిగి ఖాతాల దగ్గరకు వస్తాను. ఇంత గణితమూ చేసిన తరువాత కూడా ఒక సంగతి మనిషి చేతిలోనే మిగులుతుంది. తప్పుకు ఎంత ధర, శ్రమకు ఎంత ధర? సమీకరణం దీన్ని చెప్పదు. మా వాడు మొదట శ్రమను చౌకగా కట్టాడు. బండి మేకు కొట్టినట్టు నిలబడ్డది గాని, మోటార్లు కుయ్యోమొర్రోమని కాలినవాసన వచ్చి బ్యాటరీ గబగబా దిగిపోయింది. తరువాత శ్రమను ప్రియంగా కట్టాడు. బండి రాజాగా వూగుతూ వున్నది, పిల్లి తోక తగిలేసరికి కూలింది. రెండింటి నడుమ ఒక ధరకు వచ్చాడు. ఇప్పుడది కంటికి కనపడీ కనపడనంతగా వూగుతూ నిలబడుతున్నది. ఆ వూగును పూర్తిగా పోగొట్టాలని ఇక ప్రయత్నించవద్దని నేను కూడా చెప్పాను.

అత్యుత్తమం అని గణితం ముద్ర వేసినదంతా భద్రమా? ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఇది. కాల్మన్‌గారిదే మరొక పద్ధతి వున్నది: కొలతలలో తప్పులుంటే వాటినుంచి నిజస్థితిని వూహించటం. చంద్రుడికి మనుషులను పంపిన అపోలో యాత్రలలో అది వాడారు. ఆ వూహ అత్యుత్తమం, ఈ దిద్దుబాటు అత్యుత్తమం, రెండూ కలిపితే భద్రతకు లోటేమిటని చాలామంది అనుకున్నారు. 1978లో జాన్ డాయిల్ అనే యువకుడు ఒక చిన్న వ్యాసం అచ్చువేశాడు. దాని సారాంశం మూడే ఇంగ్లీషు మాటలు. రెండూ కలిసినచోట హామీగా ఇవ్వదగిన వెసులుబాటు ఏమీ లేదని తాత్పర్యం. మనం వూహించిన యంత్రానికీ నిజ యంత్రానికీ రవ్వంత తేడా వున్నా కొన్నిచోట్ల కుప్పకూలవచ్చునన్నమాట. బడ్జెట్టు అణా పైసలతో సరిపోయిన ఇంట్లో, అనుకోని చుట్టం వచ్చిన రోజు ఏమవుతుందో మన ఆడవాళ్ళకు తెలియనిది కాదు.

దీనికి ఉదాహరణ మన బెంగళూరువాళ్ళం కళ్ళారా చూశాము. 2019 సెప్టెంబరు 7 తెల్లవారకముందు చంద్రయాన్-2 దిగటం చూడాలని మా ఇంట్లో అందరమూ టీవీ ముందు మేలుకొని కూర్చున్నాము. మన పీణ్యాలోని ఇస్రో కేంద్రం నుంచి చంద్రుడికి రేడియో వార్త పోవటానికే సెకనుమీద మూడో వంతు పడుతుంది, రావటానికి మళ్ళీ అంత. అందుచేత దిగేవేళ ఇక్కడివాళ్ళు చేయగలిగింది చూస్తూ వుండటమే. దిద్దుకోవలసింది ఆ యంత్రమే. చంద్రుడి నేలకు 2.1 కిలోమీటర్ల ఎత్తు వరకు అంతా సక్రమంగా వున్నది. ఆ తరువాత వార్త ఆగిపోయింది. హాలులో వున్న పెద్ద పెద్ద శాస్త్రజ్ఞుల ముఖాలు చూసి అమ్మ లేచి లోపలికి పోయింది.

ఏమి జరిగిందో అప్పటి ఇస్రో అధ్యక్షులు ఎస్. సోమనాథ్‌గారు 2023లో వివరంగా చెప్పారు. వేగం తగ్గించే ఐదు ఇంజన్లు అనుకున్నదానికన్న కొంచెం ఎక్కువ బలం ఇచ్చినవి. ఆ తేడా వెంటనే దిద్దబడక పోగైంది. తరువాత దిద్దుకోవలసి వచ్చేసరికి నౌక అతివేగంగా తిరగవలసి వచ్చింది. అంత వేగం అవసరపడుతుందని ఎవరూ అనుకోలేదు గనుక, తిరిగే వేగానికి ముందుగానే హద్దు కట్టి వున్నది. పైగా దిగవలసిన చోటు 500 మీటర్ల పొడవు, 500 మీటర్ల వెడల్పు మాత్రమే అని నిర్ణయం. నేల దగ్గరవుతున్నా నౌక ఆ చోటునే చేరాలని వేగం పెంచుకుంటూ పోయింది.

నాకు దీనిలో ఎవరి అజాగ్రత్తా కనిపించదు. యంత్రం చెప్పినమాట విన్నది. ఆ చోటే కావాలన్నదానికి మనం కట్టిన ధర ఎక్కువైంది.

చంద్రయాన్-3కు ఆ ధరలన్నీ తిరగరాశారు. దిగే చోటును 4 కిలోమీటర్ల పొడవు, 2.5 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. అంటే వైశాల్యం నలభై రెట్లు. తిరిగే వేగం హద్దును సెకనుకు 10 డిగ్రీలనుంచి 25కు పెంచారు. ఇంజన్లు ఐదుకు బదులు నాలుగు. ఇంధనం ఎక్కువ. వేగాన్ని నేరుగా కొలిచే లేజరు పరికరం కొత్తగా చేర్చారు. 2023 జూలై 14న శ్రీహరికోటలో బయలుదేరి ఆగస్టు 23 సాయంకాలం 6 గంటల 4 నిమిషాలకు మెత్తగా దిగింది. ఆ సాయంకాలం మా వీధిలో పంచిన మైసూరుపాకు రుచి ఇంకా గుర్తున్నది.

ఇక అమ్మ సంగతి. స్నానాలగది దారిలో రాత్రంతా వెలిగే చిన్న దీపం పెట్టాము. గడప తీయించి వేశాము. గోడకు స్టీలు కమ్మీ కూడా వేయించాను. తొమ్మిది వందల రూపాయలు అయింది. అమ్మ ఆ కమ్మీని పట్టుకోదు. "నేనేమన్నా ముసలిదాన్నా?" అంటుంది. గోడ వెంట ఒక్క వేలు ఆనించుకొని పోతుంది, అంతే.

నేను విసుక్కున్నాను. వేలికొస ఏమి ఆధారం, అది బరువు మోస్తుందా అని. మా వాడు నన్ను ఆపాడు. బరువు మోయనక్కరలేదట. వేలికొస గోడకు తేలికగా తాకినంత మాత్రాన నిలబడ్డ మనిషి వూగు తగ్గుతుందని ప్రయోగాలలో తేలిందట. ఆ తాకిడి వార్త మాత్రమే. అరికాళ్ళు చెప్పలేకపోతున్న సమాచారాన్ని వేలు చెబుతున్నది. ఎవరూ నేర్పకుండానే అమ్మ తనకు మరొక కన్ను పెట్టుకున్నది.

అయినా కమ్మీ అవసరం తీరిపోలేదని డాక్టరమ్మ చేత చెప్పించాను. తూలిన తరువాత వేలు ఆపలేదు, పట్టు కావాలి. ఇప్పుడు నేను చూస్తున్నప్పుడు కమ్మీ పట్టుకుంటుంది, చూడనప్పుడు వేలే. అమ్మ గది నుంచి స్నానాలగది వరకు తెల్లటి గోడమీద నడుమెత్తున సన్నటి మాసిన గీత పడ్డది. పండుగకు సున్నం వేయించాలని మా ఆవిడ అంటున్నది.

బండికి పరీక్ష వచ్చే బుధవారం. అవ్వను తీసుకుపోతానని వాడు పట్టుబడుతున్నాడు. ఆటో మాట్లాడి వుంచాను.